కుందేళ్లకు సమన్యాయం

ఆ ఉదయం బాబాయ్ పెట్టుకున్న పని ఒక్కటే: పన్నెండు కుందేళ్లకు నీళ్ల సీసాలు తగిలించి, పదింటికల్లా ఓ కునుకు తీయడం. ప్రయోగశాలలో ముప్ఫై ఏళ్లుగా కుందేళ్లను సాకుతున్న ఆయన్ని డైరెక్టరుతో సహా అందరూ బాబాయ్ అనే పిలుస్తారు.

పన్నెండింటికీ అక్కడ పరిశోధన చేస్తున్న డాక్టరమ్మ పరాయి కణాల సూది ఒకేలా వేసింది. అలాంటివి ఒంట్లో పడితే రక్తంలోంచి యాంటీబాడీలు వాటిపైకి దండెత్తుతాయి. ఆ దండును అణిచే మందును ఎడమ వరుసలోని ఆరు సీసాల్లో కలిపింది. కుడి వరుసకు వట్టి నీళ్లే. రెండు వరుసల తేడా పరీక్షించే పెద్దల ముందు చూపిస్తేనే ఆమెకు పరిశోధన పట్టా. "రోజూ ఇలాగే కలిపి పెడతా. నువ్వు తగిలించు బాబాయ్, చాలు" అని వెళ్లింది.

బాబాయ్‌కి ప్రాణం ఒప్పలేదు. అందరికీ సూది గుచ్చి సగం మందికే మందా? ఒక కంట వెన్న, ఒక కంట సున్నమా? సీసాలన్నీ బకెట్లో గుమ్మరించి, కలియదిప్పి, సమంగా పంచాడు. రెండు వారాలు రోజూ అదే న్యాయం.

తీరా రక్తం పరీక్షిస్తే రెండు వరుసల్లోనూ యాంటీబాడీలు నామమాత్రం. "వట్టి నీళ్లు తాగినవాటికేం పోయేకాలం!" అని డాక్టరమ్మ తల పట్టుకుంది. అనుమానం కుళాయి మీద పడింది. మధ్యాహ్నానికి దానికి సీలు వేశారు. సాయంత్రానికి, ఆ నీళ్లతోనే పాతికేళ్లుగా టీ తాగుతున్న గుమాస్తా తన రోగనిరోధక శక్తి అడుగంటిందని సెలవు పెట్టాడు. మర్నాడు డైరెక్టరు ఇంటి నుంచి బిందెడు నీళ్లు మోసుకొచ్చాడు. ఎవరో తుమ్మితే సగం మేడ ఖాళీ అయింది. మూడోనాడు గొట్టాలు తవ్వడానికి గునపాలు దిగాయి.

గునపం లేవగానే బాబాయ్ అడ్డుపడ్డాడు.

"ఆగండర్రా! నీళ్లకేం రోగం లేదు. మందు నేనే అందరికీ పంచాను."

"పంచావా? ఎందుకయ్యా?" డైరెక్టరు బిందె దించాడు.

"పక్షపాతం చూడలేకండీ."

"నిలువునా ముంచావు కదా బాబాయ్! ఇప్పుడు పెద్దలకేం చూపించను?" డాక్టరమ్మ కళ్లు తుడుచుకుంది.

"నన్ను చూపించమ్మా. తప్పు నాదేగా."

ఆమె చెయ్యి కంటి దగ్గరే ఆగింది. "ఉండుండు. ఒక్కోదానికి ఎంత మందు పడినట్టు?"

"సరిగ్గా సగం. చుక్క అటూ ఇటూ అయితే ఒట్టు."

"సగానికే ఇంతలా అణిగాయా!"

పెద్దలు గడువు పెంచారు. ఒక వరుసకు సగం మందు, ఇంకో వరుసకు వట్టి నీళ్లు పెట్టి కొత్త కుందేళ్లతో మళ్లీ చూస్తే అదే తేలింది: ఇన్నాళ్లూ వాడిన మోతాదులో సగం చాలు. డాక్టరమ్మకు పట్టా వచ్చింది, ఆమె బాబాయ్ పేరు చెబితే సభంతా చప్పట్లు కొట్టింది.

ఆనాడు లాక్కున్న కుందేళ్ల గది తాళంచెవులు మాత్రం ఆయనకు ఇంకా తిరిగివ్వలేదు.