పదిహేడో నంబరు పొట్లం

మంగళవారం పొద్దున పెసరట్టు తినేలోపు అరవై చీరల ఫొటోలు తీసి, పదకొండు ఫొటో సైట్లలో పెట్టెయ్యాలన్నది వేణుగోపాల్ ప్లాను. మంగళగిరిలో వాళ్ళ చేనేత చీరల కొట్టుకి అతను వెబ్‌సైట్ తెరిచి నాలుగు నెలలైంది. ఇప్పటికి దాన్ని చూసినవాళ్ళు ముగ్గురు: వేణు, చెల్లెలు ప్రత్యూష, నాన్న ఫోన్లోంచి మళ్ళీ వేణు. శనివారమే నెలాఖరు. ఆలోపు సైటు మీద ఒక్క చీరైనా అమ్ముడుపోకపోతే, ఇబ్రహీంపట్నంలో మేనమామ ఫ్యాక్టరీలో బూడిద ఇటుకలు లెక్కపెట్టడానికి పోవాల్సిందేనని నాన్న భావనారాయణ తీర్పు చెప్పేశాడు.

"ఫొటోలు పెడితే చీరలెట్టా అమ్ముడుపోతాయిరా?" అన్నాడు భావనారాయణ.

"ప్రతి ఫొటో కింద మన సైటు లింకు పెడతా నాన్నా. నచ్చినోళ్ళు అది నొక్కి మన సైట్లోకొస్తారు. పది చోట్ల మన లింకు కనపడితే, వీళ్ళెవరో పెద్దోళ్ళేనని గూగుల్ కూడా అనుకుంటది."

"సరే, పెట్టుకో. అంచు మాత్రం కనపడకూడదు."

కారణం లేకపోలేదు. నిరుడు ఆయన వేయించిన గోపురం అంచుని ఎదురు కొట్టు వెంకటకృష్ణారావు ఒక్కసారి ఓరకంట చూసి, ఎనిమిదో రోజుకల్లా తన కొట్లో వేలాడదీశాడు. అప్పట్నుంచి కొత్త చీర ఏదొచ్చినా పాత న్యూస్‌పేపర్లో చుట్టి, దారం కట్టి, బీరువాలోకి నెట్టేయడమే. ఈసారిది తాటాకు అంచు. దాన్ని నేసినవాడికైనా పూర్తిగా చూపించారో లేదో అనుమానమే.

"అయితే ఏం ఫొటో తియ్యమంటావు?"

"పొట్లాన్ని తియ్యి."

ఇటుకలు కళ్ళముందు కదిలి, వేణు బీరువాలోని పొట్లాలన్నీ వరసగా పేర్చి, నంబర్లేసి ఫొటోలు తీశాడు. ప్రతిదాని కిందా 'అంచు అద్భుతం' అని రాశాడు.

"ఇవి చీరలా, టిఫిన్ సెంటర్ పార్శిళ్ళా అన్నయ్యా?" అంది ప్రత్యూష.

మధ్యాహ్నానికి ఎవరో 'లోపల ఏముంది?' అని కామెంట్ పెట్టారు. ఇంకెవరో 'చెప్పకండి' అన్నారు. వీళ్ళిద్దరి తగువు చూడటానికి రెండొందల మంది చేరారు. రాత్రికల్లా సైటుకి తొమ్మిది వేల మంది వచ్చిపడ్డారు. ఏలూరు నుంచి ఒకాయన బస్సెక్కి వచ్చి, పొట్లంతో సెల్ఫీ దిగి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. ఒక్కరూ కొనలేదు.

అన్నిట్లోకీ పదిహేడో నంబరుకి లైకులెక్కువ. కాస్త ఉబ్బెత్తుగా, ముచ్చటగా ఉంది. బుధవారం మొదటి ఆర్డరు దానికే వచ్చింది. విశాఖపట్నంలో బ్లెస్సీ అనే లెక్చరరు, విప్పకుండా అలాగే పంపమంది. భావనారాయణ స్వయంగా కొరియర్లో వేసి, కొడుకు వీపు తట్టాడు.

శనివారం ఫోను మోగింది. వేణు స్పీకర్లో పెట్టాడు.

"ఏమండీ, నేను చీర ఆర్డరిచ్చాను. వడియాలొచ్చాయి."

కొట్టు వెనక వంటింట్లోంచి వేణు వాళ్ళమ్మ హనుమాయమ్మ పరుగున వచ్చింది. "మినప వడియాలేనా? నాలుగు రోజుల్నుంచి ఇల్లంతా వెతుకుతున్నా! చీమలు పట్టకుండా నేనే పేపర్లో చుట్టి బీరువాలో పెట్టి మర్చిపోయా."

భావనారాయణ కొడుకు వంక చూశాడు. "ఇబ్రహీంపట్నం బస్సు ఎన్నింటికి?"

"మా స్టాఫంతా తలా ఒకటి తీసుకుందామనుకున్నాం," అంటోంది బ్లెస్సీ. "ఇప్పుడెలా నమ్మమంటారు? వీడియో కాల్లో చీర చూపించండి."

భావనారాయణ ఎదురు కొట్టు వైపు చూశాడు. కొడుకు వైపు చూశాడు. "తలుపెయ్యి," అన్నాడు. వేణు తలుపు వేశాడు. కరెంటు పోయింది.

"ఏం కనపడట్లేదండీ," అంది ఫోను.

గత్యంతరం లేక భావనారాయణే తలుపు తీసి, గుమ్మంలోకొచ్చి, కళ్ళు గట్టిగా మూసుకుని చీర విప్పాడు. ఎండలో తాటాకు అంచు ధగధగలాడింది. వీధి అవతల వెంకటకృష్ణారావు తింటున్న బజ్జీ నోట్లోనే ఉండిపోయింది.

"అబ్బ! పన్నెండు పంపండి," అంది బ్లెస్సీ. "వడియాలు మాత్రం తిరిగి ఇవ్వను. సగం వేయించేశాం."

వేణుకి ఇటుకల గండం తప్పింది. భావనారాయణకి మాత్రం ఆ రాత్రి నిద్రలేదు. "చూసేశాడే. ఎనిమిది రోజులే, రాసుకో," అని భార్యని పదిసార్లు లేపాడు.

ఎనిమిది రోజులు పట్టలేదు. సోమవారం పొద్దున ఎదురు కొట్లో చీరలన్నీ మాయమై, న్యూస్‌పేపరు పొట్లాలు నంబర్లతో సహా వేలాడుతున్నాయి.

పదిహేడోది కాస్త ఉబ్బెత్తుగా ఉంది.