డిస్క్ కనబడలేదు

ఆదివారం పొద్దున్న కాఫీ చల్లారేలోపు పనైపోతుందనుకున్నాడు పెద్దల్లుడు. పోస్టుమాస్టరుగా చేసిన మావగారు పోయి మూడేళ్లయింది. ఆయన పదవీ విరమణ సభ వీడియో ఒకే ఒక్క డిస్క్ మీద ఉంది. ఆ గొంతు మళ్లీ ఒక్కసారి వినాలని అత్తగారు దాన్ని వెంట తెచ్చుకుని, నున్నగా తల దువ్వుకుని, కంప్యూటర్ ముందు కూర్చుంది.

"పది నిమిషాలు, అత్తయ్యా," అన్నాడు అల్లుడు. ఆఫీసులో ఓసారి ఊడిపోయిన ప్లగ్గు పెట్టి ప్రింటర్‌ని బతికించినప్పటి నుంచి, కంప్యూటర్లలో అతనికి తిరుగులేదని ఇంటిల్లిపాదికీ నమ్మకం. అతనికి మరీనూ.

డిస్క్ పెట్టాడు. ఆడించే సాఫ్ట్‌వేర్ లేదంది కంప్యూటర్. ఇంటర్నెట్‌లో వెతికి ఒకటి దించాడు. డిస్క్ బయటికి తీసి, కంప్యూటర్ ఆపి మళ్లీ వేయమంది అది. అలాగే చేశాడు. ఈలోగా భార్య కాఫీ అందిస్తే రెండు గుక్కలు తాగి బల్ల మీద పెట్టాడు. "డిస్క్ కనబడలేదు" అంది సాఫ్ట్‌వేర్. రెండోది దించాడు. అదీ అదే మాట. మూడోది పిలవని చుట్టాల్లా మరో నాలుగింటిని వెంటబెట్టుకొచ్చింది. ఏడూ ఒకే మాట మీద నిలబడ్డాయి.

గంట దాటింది. అల్లుడికి చెవులు వేడెక్కాయి. "నాకు తెలియడం లేదు" అనే మాట ఎంతకీ నోట్లోంచి రాలేదు. వేరే మాట వచ్చేసింది.

"డిస్కే పోయింది, అత్తయ్యా. బీరువాలో కలరా ఉండల పక్కన పెట్టారు కదా, ఆ ఘాటుకి చెడిపోయింది."

అత్తగారి మొహం వాడిపోయింది. "బట్టల మధ్య భద్రంగా ఉంటుందనుకున్నాను బాబూ. నా చేతులారా నేనే పాడుచేశానా?"

భార్య వాళ్ల అన్నయ్యకు ఫోన్ చేసింది. అతను తల్లి మీద మండిపడ్డాడు. "ఉన్నదొక్కటీ నీకే అప్పజెప్పాం కదమ్మా!" ఆవిడ కొడుక్కి క్షమాపణ చెప్పుకుంటుంటే అల్లుడికి ముళ్ల మీద కూర్చున్నట్టుంది. ఘాటు సంగతి తను అప్పటికప్పుడు అల్లిందే. అయినా తెర వైపే చూస్తూ మౌస్ నొక్కుతూనే ఉన్నాడు.

చివరికి బావమరిది పంపిన మెకానిక్ వచ్చి ట్రే తెరిచాడు. ఖాళీ.

"డిస్క్ ఏది సార్?"

అల్లుడు మెల్లగా కాఫీ కప్పు ఎత్తాడు. దాని కింద, గుండ్రటి మరకతో, మావగారి పదవీ విరమణ సభ ఉంది. ఏడు సాఫ్ట్‌వేర్లూ పొద్దుట్నుంచీ నిజమే చెబుతున్నాయి. ఆ గదిలో అబద్ధమాడింది తనొక్కడే.

"ఘాటూ లేదు, ఏమీ లేదు, అత్తయ్యా. నేనే..." సిగ్గుతో తలెత్తలేకపోయాడు.

మెకానిక్ మరక తుడిచి డిస్క్ పెట్టాడు. మొట్టమొదట దించిన సాఫ్ట్‌వేరే చక్కగా ఆడించింది. తెర మీద మావగారు మైకు పట్టుకుని చెబుతున్నారు: "ఉత్తరం కనబడలేదంటే, ఎవర్నైనా అనేముందు నా బల్ల మీదే వెతుక్కునేవాణ్ణి."

అత్తగారు కళ్లు తుడుచుకుంది. అల్లుణ్ణి పల్లెత్తు మాట అనలేదు. సాయంత్రం కాఫీ మాత్రం ఆవిడే తెచ్చింది.

"కింద సాసరు పెట్టాను, బాబూ."