జ్వరం లేని జిల్లా

ఈ శరత్కాలం నుంచి చోంగ్నిమ్ జిల్లాలో స్క్రబ్ టైఫస్ ఉండదని మా గున్సు గారు ప్రకటించారు. ఉండకూడదని కాదు, ఉండదని. గున్సు అంటే మేం ఓట్లేసి జిల్లా మీద కూర్చోబెట్టుకున్న పెద్ద. పేరు బ్యోన్ గితక్. ఇచ్చిన మాట తప్పని మనిషి. తప్పిన సందర్భాలు కొన్ని ఉన్నాయిగానీ అవి మా వారపత్రికలో రాలేదు. ఆ పత్రికకి విలేకరిని నేనే.

ఈ జ్వరం మాకు కొత్తది కాదు. ఆకులు రాలే రోజుల్లో గడ్డిలో కూర్చుంటే కంటికి ఆనని పురుగొకటి కుడుతుంది. కుట్టిన చోట నల్లటి చెక్కు కడుతుంది, వారం పది రోజులకి జ్వరం ముంచుకొస్తుంది. వేళకి మాత్రలు పడితే మనిషి లేచి తిరుగుతాడు. పడకపోతే ఊపిరితిత్తులకి పాకి ప్రాణం మీదికి తెస్తుంది. దీన్ని వదిలించడానికే గున్సు గారు ఆరోగ్య కేంద్రంలో కొత్త ల్యాబ్ పెట్టించారు.

ల్యాబ్ అధికారి ప్యో ఇన్‌సుక్ గారు యాంటిజెన్ సీసాలు తెప్పించారు. యాంటిజెన్ అంటే, ఆ జబ్బు తెచ్చే బాక్టీరియాని పెంచి, చంపి, సీసాకెక్కించిన సరుకు. జబ్బుపడ్డవాడి రక్తంలో దాని మీద కోపంతో పుట్టిన యాంటీబాడీలు ఉంటాయి. రెండింటినీ కలిపితే అవి వెళ్ళి దీన్ని పట్టుకుంటాయి, మైక్రోస్కోప్ కింద పచ్చగా మెరుస్తుంది. మెరిస్తే జబ్బు ఉన్నట్టు, మెరవకపోతే లేనట్టు. గున్సు గారికి ఆ చివరి మాట బాగా నచ్చింది.

మా దగ్గర కొత్త కారైనా కొత్త యంత్రమైనా, ఉడికించిన పంది తలకి మొక్కితేగానీ మొదలెట్టరు. ల్యాబ్‌కీ అంతే. ఆరోగ్య కేంద్రం ముందు టేబుల్ వేశారు. పంది తల పొగలు కక్కుతూ, నవ్వు మొహంతో వచ్చింది. దాని ముందు యాంటిజెన్ సీసాలు పెట్టమన్నారు గున్సు గారు.

"సార్, వాటిని డీప్ ఫ్రీజర్‌లోంచి తీయకూడదండీ. వేడి తగిలితే పాడైపోతాయి," అన్నారు ప్యో గారు.

"ఏమ్మా, ఇవాళ్టి పెళ్ళిలో పెళ్ళికొడుకెవరు?"

"యాంటిజెనే అనుకోండి."

"పెళ్ళికొడుకుని ఫ్రీజర్‌లో పెట్టి పెళ్ళి చేస్తామా?"

జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

రిహార్సల్ లేకుండా మా జిల్లా ఆఫీసులో ఏ వేడుకా జరగదు. రాష్ట్ర గవర్నర్ బదులు ఒక గుమాస్తాని నిలబెట్టి రిబ్బన్ కట్ చేయించారు. తెల్ల చేతితొడుగులు సరిగ్గా లేవని మళ్ళీ చేయించారు. అసలు గవర్నర్ మధ్యాహ్నం దాటాక వచ్చారు. మనుషులకి బదులు మనుషులు దొరికారుగానీ సీసాలకి దొరకలేదు. రిహార్సల్‌కీ అసలుకీ అవే పంది పక్కన సెప్టెంబరు ఎండలో నిలబడ్డాయి. పాపం, ఎంత ఓపికో.

ఆ మర్నాటి నుంచి పరీక్షలు మొదలయ్యాయి. ఫలితాలు అద్భుతం. ఒక్కరి రక్తమూ మెరవలేదు. ప్యో గారు మాత్రం మొహం వేలాడేసుకుని గున్సు గారి గదికి వచ్చారు. అప్పుడు నేను అక్కడే టీ తాగుతున్నాను.

"సార్, సరిచూసుకోడానికి పోయినేడు జబ్బుపడ్డవాళ్ళ రక్తం దాచి ఉంచామండీ. అది తప్పకుండా మెరవాలి. అదీ మెరవలేదు."

"అంటే వాళ్ళకీ నయమైపోయిందన్నమాట!"

"అది సీసాలో ఉన్న రక్తమండీ. సీసాలో నయమవడం ఏంటండీ?"

"బయటి ల్యాబుల్లో అవదేమో. మనది కొత్తది."

"యాంటిజెన్ చచ్చిపోయిందండీ, సార్."

"చంపే కదమ్మా సీసాలో పెట్టారు? చచ్చినదాన్ని పట్టుకుని మళ్ళీ చచ్చిందంటావేంటి?"

కొత్త సీసాలు కావాలని ఆవిడ అడిగారు. పంది తలకి మొక్కిన సీసాల్ని శంకించడం జిల్లాకి అరిష్టమని గున్సు గారు చెప్పారు. నేను రాసుకున్నాను.

అక్టోబరులో మా కొండ మీద రెల్లుపూల పండుగ. ఈసారి బ్యానర్ మీద "రండి, మా గడ్డిలో పడుకోండి" అని రాయించారు. అందరికంటే ముందు గున్సు గారే కోటు విప్పి గడ్డిలో వెల్లకిలా పడుకున్నారు. ఫొటో బాగా రాలేదన్నానని బోర్లా కూడా పడుకున్నారు. అలాంటి నాయకుడు మళ్ళీ దొరకడు.

పండుగ అయిన కొన్నాళ్ళకి మా అక్క ఫోన్ చేసింది. బావ ఓక్ బోంగ్‌చిల్‌కి పెర్సిమన్ తోటలో పళ్ళు కోస్తుండగా జ్వరం తగిలింది. వెళ్ళేసరికి ఒళ్ళు కాలిపోతోంది, ఆయాసపడుతున్నాడు. చంకలో నల్లటి చెక్కు. నాకు భయమేసింది. ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళాను. రక్తం తీశారు. మెరవలేదు.

"మీకు జబ్బు లేదు," అన్నాడు డాక్టరు.

"జబ్బు లేకపోతే ఈ జ్వరం ఎవరిది బాబూ?" అన్నాడు బావ.

డాక్టరు తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "చెక్కు చూస్తే నాకు తెలీదా? కానీ మన జిల్లాలో లేని జబ్బుకి మందు రాస్తే నా ఉద్యోగం ఉండదు. ఆలస్యం చేయకుండా మాసోక్ తీసుకెళ్ళండి. వాళ్ళ గడ్డి మంచిది కాదు, అందుకని మందులున్నాయి."

మాసోక్ పక్క జిల్లానే. ఆసుపత్రి వార్డులోకి వెళ్తే అందరూ తెలిసిన మొహాలే. మా తోటల వాళ్ళు, పండుగలో పాడిన గాయని, బ్యానర్ కట్టినవాడు. బావకి మాత్రలు పడ్డాయి. మర్నాటికి ఆయాసం తగ్గి గంజి అడిగాడు. నా గుండె కుదుటపడింది.

ఆ సాయంత్రమే టోపీ, మాస్కు, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఒకాయన వణుకుతూ వచ్చాడు. వార్డు వార్డంతా సెలైన్ గొట్టాలతోనే లేచి వంగి నమస్కరించింది. ఆయన అలవాటు కొద్దీ ఆ చివరిదాకా చేతులు కలిపి, బావ పక్క మంచం మీద కూలబడ్డాడు. మా గున్సు గారే.

నర్సు చూడవలసిన చోట చూసి, చెక్కు ఉందంది. "ఎక్కడ కుట్టిందండీ?"

"ఇక్కడే. మీ మాసోక్‌లోనే."

"కుట్టాక వారం పది రోజులకిగానీ జ్వరం రాదు. మీరు మాసోక్ ఎప్పుడొచ్చారు?"

"ఇప్పుడే, కారు దిగి వస్తున్నా."

నర్సు నా వైపు చూసింది. గున్సు గారూ నా వైపే చూశారు.

"విలేకరి గారూ, రాసుకుంటున్నారా?"

"రాసుకుంటున్నానండీ."

ఆ వారం మొదటి పేజీలో వేశాం: "మాసోక్‌లో అదుపు తప్పిన జ్వరం. పరామర్శకి వెళ్ళిన మన గున్సు గారికి కారు దిగుతుండగానే సోకింది. మన జిల్లాలో ఎప్పటిలాగే ఒక్క కేసూ లేదు."

బావ మంచం మీదే ఆ పేపరు రెండుసార్లు చదివాడు.

"అయితే నాకూ ఇక్కడే వచ్చిందన్నమాట బామ్మర్దీ."

నేను ఖాళీ గంజి గిన్నె తీసి పక్కన పెట్టాను.

"పోన్లే, బతికించావు. మన తోటకి ఏ భయమూ లేదు."

ఇంటికి వెళ్ళిన రోజే బావ తోటలో, పళ్ళ బుట్టల పక్కన గడ్డిలో కూర్చుని అన్నం తిన్నాడు. అక్క కూడా చెప్పులు విడిచి పక్కనే కూర్చుంది.