పక్కిల్లు పాడుబడాలి

ఏప్రిల్ తొమ్మిదో తేదీ ఉదయం వడ్రంగి ఇంట్లో ముగ్గురూ మాడిన రొట్టెలు తిన్నారు. పొయ్యి దగ్గర వడ్రంగి భార్యా, వడ్రంగి అక్కా నిలబడ్డారు. తిప్పాల్సింది ఎదుటి మనిషేనని ఇద్దరూ మర్యాదగా ఊరుకున్నారు. అక్క మంచి మనిషే. కాకపోతే రెండేళ్లుగా ఆమె మంచమూ కుట్టుమిషనూ ముందుగదిలోనే ఉన్నాయి.

పక్కిల్లు ఏళ్లుగా దిక్కులేక పడివుంది. పాడుబడిన ఇళ్లను నగరపాలక సంస్థ పొరుగువాళ్లకు చౌకగా అమ్ముతుంది. నిజంగా పాడుబడిందో లేదో చూడటానికి ఆ మధ్యాహ్నమే ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు.

"వదిన కోసం ఆ ఇల్లు కొని తీరాలండీ!" అంది భార్య.

భోజనానికి వచ్చిన వడ్రంగి పక్కింట్లోకి తొంగిచూసి గుండె పట్టుకున్నాడు. గచ్చు అద్దంలా మెరుస్తోంది.

"ఇదేం పనే?"

"ఆఫీసరుని చెత్తలో నిలబెడతామా? పరువు పోదూ!"

ఇన్‌స్పెక్టరు కాళ్లు తుడుచుకుని మరీ లోపలికొచ్చాడు. "ఇక్కడెవరో కాపురముంటున్నారు. అమ్మడం కుదరదు. పోనీ, రేపు ఇంకోసారి చూస్తా," అన్నాడు. ఆ 'పోనీ' పట్టుకునే భార్య నిలబడింది.

పారేసిన చెత్తంతా తిరిగి మోసుకొచ్చింది. అది చూసి, పాత సామాను పడేసే చోటు దొరికిందనుకుంది వీధి. కుంటి కుర్చీలు, చిరిగిన పరుపులు వరస కట్టాయి. "మా ఫ్రిజ్ కూడా పిన్నీ, పుణ్యముంటుంది!"

మర్నాడు ఇన్‌స్పెక్టరు తోస్తే తలుపే కదల్లేదు. "నా సర్వీసులో ఇంత పాడుబడ్డ ఇల్లు చూళ్లేదమ్మా. ఇది అమ్మేది కాదు, కూల్చేది."

భార్య మెట్టు మీద కూలబడిపోయింది. అప్పుడు కుట్టుమిషను ఆగింది. అక్క వీధిలోకొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఎవరి సామాను వాళ్లు పట్టుకెళ్తారా, ఇన్‌స్పెక్టరుగారికి పేర్లు చెప్పనా?"

పరుపులకు కాళ్లొచ్చాయి. ఫ్రిజ్ అందరికంటే ముందు వెళ్లిపోయింది. కాసేపటికి దుమ్మూ, సాలెగూళ్లూ మాత్రం మిగిలాయి. భార్య చెయ్యి చీపురు వైపు సాగింది.

"ముట్టుకున్నావంటే చంపేస్తా మరదలా! ముందాయన్ని సంతకం పెట్టనీ," అని అక్క ఆ చెయ్యి గట్టిగా పట్టేసుకుంది. ఇన్‌స్పెక్టరు నవ్వు ఆపుకుంటూ అమ్మకం కాగితం మీద సంతకం పెట్టాడు.

ఆ వారంలోనే అక్క మంచమూ మిషనూ పక్కింటికి చేరాయి. రాత్రి భార్య, కొత్తగా విశాలమైన ముందుగదిని తనివితీరా చూసుకుని, వీధితలుపు చప్పుడు కాకుండా వేసింది: మెలకువగా ఉన్నారని తెలిస్తే, తోచడం లేదంటూ వదిన వచ్చేస్తుంది.