పాచి విషయమై ఉత్తర్వు

మూడో వీధిలోని అద్దె ఇంటి నుంచి ఏడో వీధిలోని సొంత ఇంటికి ఆరు చేపలు తరలివెళ్ళిన వైనాన్ని భావితరాల కోసం ఇక్కడ నమోదు చేస్తున్నాం. వాటితోపాటు ఒక కుటుంబం కూడా వెళ్ళింది.

ఇంటి యజమాని ఒక పెద్ద కార్యాలయంలో సూపరింటెండెంటు. ఇంట్లో ఉప్పు నిండుకున్నా ముందు కాగితం మీద పెట్టించి, పరిశీలించి, ఆ తర్వాతే తెప్పించే దక్షుడు. చేపల తరలింపు కోసం ఆయన వెంటనే ఒక సంఘం వేశారు. అధ్యక్షులు తానే. భార్య కార్యదర్శి. ఎనిమిదేళ్ళ కూతురు ప్రత్యేక ఆహ్వానితురాలు. ఇంట్లో ఇంకెవరూ లేనందువల్ల బావమరిది సభ్యుడయ్యాడు. ఏ పని చెప్పినా "అలాగే బావా" అంటాడు. పని కూడా అలాగే ఉంటుంది.

చేపల్లో పెద్దదాని పేరు మేనేజరు. రోజంతా నోరు తెరిచి మూస్తుందే గానీ ఏమీ చెప్పదు. అమ్మాయి మాత్రం ఊహ తెలిసినప్పటి నుంచీ బడి కబుర్లన్నీ దానికే చెప్పుకుంటోంది.

"నాన్నా, మేనేజరు చచ్చిపోదు కదా?"

"ఆ అంశం పరిశీలనలో ఉంది."

నిపుణుల సలహా కోసం చేపల దుకాణదారుకు ఫోన్ చేశారు. ఆయన బేరంలో ఉండి ఒకే ముక్క చెప్పాడు. "తొట్టిలో నీళ్ళు, పాచి పోనివ్వకండి సార్!" అధ్యక్షులు శ్రద్ధగా రాసుకున్నారు. కామాలు పెట్టడం, మాటల మధ్య చోటు వదలడం కాగితం దుబారా అని ఆయన నిశ్చితాభిప్రాయం. కాబట్టి ఉత్తర్వు ఇలా వెలువడింది: "తొట్టిలో నీళ్ళు పాచిపోనివ్వకండి."

ఇక చూడాలి ఆ ఇంటి శుభ్రత! కార్యదర్శిగారు గులకరాళ్ళను ఒక్కొక్కటిగా సబ్బుతో తోమి, పదిసార్లు కడిగి, తువ్వాలుతో తుడిచారు. ప్లాస్టిక్ మొక్కలకు తలంటు పోశారు. తొట్టి ఎంత తళతళలాడిందంటే, అధ్యక్షులు అందులో చూసుకుని తల దువ్వుకున్నారు. బావమరిదికి రెండే పనులు: చేపలున్న బకెట్లలో పాత నీళ్ళు మార్చడం, ఫిల్టరు స్పాంజిని వేడినీళ్ళలో ఉడకబెట్టడం.

"అలాగే బావా."

సామాను లారీ ఎక్కుతుండగా అధ్యక్షులు వరండా మెట్టెక్కి ప్రసంగించారు. "ఈ కుటుంబం పాచిని సహించదు! కొత్త ఇల్లు, కొత్త నీళ్ళు, కొత్త జీవితం! చేపకైనా మనిషికైనా గతాన్ని కడిగేసుకోవడమే ప్రగతి!" చప్పట్లు కొడితే త్వరగా ముగిస్తారేమోనని సామాను మోసేవాళ్ళు కొట్టారు. ఆయన ఇంకో పావుగంట మాట్లాడారు.

ఆ రాత్రే కొత్త ఇంట్లో బకెట్లలోని నీళ్ళనూ చేపలనూ తొట్టిలో పోసి ఫిల్టరు బిగించారు. మర్నాడు పొద్దున్నే దుకాణదారు కొత్త ఇల్లు చూడడానికి వచ్చాడు. మెరుస్తున్న రాళ్ళను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"రాళ్ళు తోమేశారా? కొంపదీసి నీళ్ళు కూడా మార్చేశారా?"

"పూర్తిగా," అన్నారు అధ్యక్షులు గర్వంగా. "మీ సలహా ప్రకారమే."

"అయ్యో, నేను ఉంచమన్నాను సార్! ఆ పాత నీళ్ళు, ఆ పాచీ పోతే చేపల ప్రాణం పోయినట్టే!"

అమ్మాయి ముఖం పాలిపోయింది. పరుగెత్తి తొట్టికి ముఖం ఆనించి బావురుమంది. అద్దం అవతల మేనేజరు నోరు తెరిచింది, మూసింది. మళ్ళీ తెరిచింది. లెక్కపెడితే ఆరూ హాయిగా ఈదుతున్నాయి.

దుకాణదారు చొక్కా చెయ్యి మడిచి ఫిల్టరులోంచి స్పాంజి తీసి పిండాడు. పచ్చగా, జిగురుగా, దివ్యంగా పాచి కారింది. నీళ్ళు వాసన చూశాడు. పాతవే.

"ఈ స్పాంజిని ఎవరో మహానుభావుడు ముట్టుకోలేదు," అన్నాడు.

అందరూ బావమరిది వైపు తిరిగారు. అతను సోఫాలోంచి లేవకుండానే సంజాయిషీ ఇచ్చుకున్నాడు.

"కుళాయి దూరం కదా బావా!"

అమ్మాయి "మావయ్యా!" అంటూ మెడకు చుట్టుకుపోయింది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆ పిల్లకే తెలియలేదు.

విచారణ మధ్యాహ్నానికల్లా పూర్తయింది. సంఘం ముందుచూపు వల్లే చేపలు బతికాయని నివేదిక తేల్చింది. ఉత్తర్వును ధిక్కరించినందుకు బావమరిదిని సభ్యత్వం నుంచి తొలగించారు. ఆ కాగితం మీద సంతకం చేసివ్వమంటే అతను "అలాగే బావా" అన్నాడు. కాగితం ఇప్పటికీ సోఫా మీద అలాగే ఉంది.

నవ్వకండి. మీరిది చదువుతున్న ఈ క్షణంలో కూడా మీ మేలు కోరి ఎక్కడో ఒక ఉత్తర్వు వెలువడుతోంది. సాయంత్రానికి మీరింకా ఊపిరి పీలుస్తూ ఉంటే, అధ్యక్షులకు కృతజ్ఞతలు చెప్పడం మర్చిపోకండి. "అలాగే" అని చెప్పి పడుకున్నవాడి గురించి మాత్రం గట్టిగా ఫిర్యాదు చేయండి.