నరసింహప్ప ఒక్కపొద్దు

శనివారం పొద్దున నరసింహప్ప వేసుకున్న పథకం చిన్నదే. సాయంత్రం దాకా తీపి ముట్టకుండా ఉండి, ఆఖరి బస్సుకు కదిరి కంటి ఆస్పత్రికి పోవాలి. షుగర్ ఎక్కువుందని శుక్లాల ఆపరేషన్ చేయకుండా డాక్టరు ఇప్పటికే రెండుసార్లు వెనక్కి పంపాడు. ఈసారీ తప్పితే మళ్ళీ వంతు వచ్చేది వేరుశనగ విత్తడం అయిపోయాకే. దున్నిన సాలు కనపడని మనిషి చేతికి విత్తే గొర్రు ఎవరిస్తారు?

"మనసు గట్టిగా పెట్టుకుంటే సాలు. నీకు నోరు తప్ప మనసు యాడుండాది?" అంటూ భార్య కదిరమ్మ రాగిసంగటి ముద్ద పెట్టింది.

అంతలో పక్కింటి జ్యోతిలక్ష్మి బెల్లం పూర్ణం పెట్టిన ఓళిగలు తెచ్చింది. షుగర్ సంగతి ఊళ్ళో తెలియడం నరసింహప్పకు నామోషీ. సంగటి తట్టను మంచం కిందికి తోసి, "ఈ పొద్దు ఒక్కపొద్దుండాను మ్మా," అన్నాడు.

ఆ మాటే కొంప ముంచింది. నరసింహస్వామికి ఒక్కపొద్దున్న మనిషికి ఫలహారం పెడితే పుణ్యమని ఆ ఊరి నమ్మకం. తిప్పయ్య అరటిపండ్లు తెచ్చాడు. ఈరన్న చెంబెడు పానకం తెచ్చాడు. స్వామి పేరు చెప్పి తెచ్చినదాన్ని కాదనడం అపచారం కాబట్టి, నరసింహప్ప అన్నీ కళ్ళకద్దుకుని, సాయంత్రం తింటానని చెప్పి పంపాడు. పచ్చి నీళ్ళైనా ముట్టడం లేదట, వాన కోసమట అని మధ్యాహ్నానికి ఊరంతా పాకింది. ఇక తట్టలు రావడం ఆగలేదు. ఇంటింటి నుంచీ బెల్లం కరిగిన వాసన ఆ గడపలోకే నడిచి వచ్చింది.

"నీ కంటబడకుండా నేను సూసుకుంటా," అని కదిరమ్మ ప్రతి తట్టనూ లోపలి గదిలోకి మోసింది. పోయిన ప్రతిసారీ కాస్త ఆలస్యంగా వచ్చింది.

నరసింహప్ప గోడవైపు తిరిగి పడుకున్నాడు. లేచి ఎద్దుల దగ్గరికి పోయాడు. వాసన అక్కడికీ వచ్చింది. పొద్దున్నుంచి ఇంత నిగ్రహంగా ఉన్నవాడికి ఒక్క తుంట తినే హక్కు లేదా అనిపించింది. ఆ ఆలోచన వచ్చాక కాళ్ళు అతని మాట వినలేదు. కదిరమ్మ వాకిట్లో ఎవరితోనో మాట్లాడుతుండగా, చీకటి గదిలోకి దూరి, తట్ట తడిమాడు. ఖాళీ. రెండోదీ ఖాళీ. మూడోదాంట్లో అరటి తొక్కలు తగిలాయి. తన బుద్ధి తెలిసి ముందే వీధి పిల్లలకు పంచేసిందనుకుని, సిగ్గుతో బయటికి వచ్చాడు.

ఆ రాత్రి ఇద్దరూ ఆస్పత్రి చేరాక నర్సు అతని వేలు పొడిచి చూసి, షుగర్ బాగుంది, చేర్చుకుంటామంది. నరసింహప్ప ఛాతీ పొంగింది. తోడు ఎవరని నర్సు అడిగితే, లేవబోయిన కదిరమ్మ కళ్ళు తిరిగి బల్లమీద కూలబడింది. నర్సు ఆమె వేలు కూడా పొడిచి, మీటరు చూసి, నమ్మలేక మళ్ళీ పొడిచింది.

"పొద్దున్నుంచి ఏం తిన్న్యావు పెద్దమ్మా?"

"నేనేం తింటా మ్మా," అంది కదిరమ్మ నీరసంగా. "దేవుని సొమ్ము పారేయకూడదు గదా. ఆయప్ప తినకుండా కాపాడినా, అంతే."

ఆమెకు మాత్రలు మొదలుపెట్టి, తీపి మానాలని గట్టిగా చెప్పారు. మరునాడు ఆపరేషన్ చక్కగా జరిగింది. కట్టు విప్పాక నరసింహప్పకు మొట్టమొదట స్పష్టంగా కనపడింది, కొంగు చాటున ఆడుతున్న కదిరమ్మ దవడ.