అవతలి గట్టు గిటారు

ఒక పెద్ద అడవిలో, సరిగ్గా నడిమధ్య నుంచి ఒక ఏరు పారుతోంది. ఇవతలి గట్టును ఇప్పవనం అంటారు, అవతలి గట్టును వెదురుగడ్డ అంటారు. రెండు చోట్లా అవే చెట్లు, అవే దోమలు. అయినా ఒడ్డున నిలబడి అవతలికి చూసి నిట్టూర్చడం ఇప్పవనం వాళ్ళకి ఒక వ్యాపకం.

ఆ రోజుల్లో ఇప్పవనానికి కరెంటు గిటారు పిచ్చి పట్టింది. అడవిలో కరెంటు ఎక్కడిదని అడక్కండి. పక్క ఊరికి పోయే లైనుకి కోతులు కొక్కెం తగిలించాయి. మన వీధిలో ఎవరింటికి కరెంటు ఎలా వస్తోందో నేనెప్పుడైనా అడిగానా?

గిటార్లు చేసేది పైడితల్లి అనే వడ్రంగిపిట్ట. పని బాగా తెలుసు. ఆ సంగతి అందరికీ చెప్పడం ఇంకా బాగా తెలుసు. "నా గిటారు మీటితే కొండ వెనక నిద్రపోతున్న గుడ్లగూబ లేచి కూర్చోవాలి" అనేది. గుడ్లగూబ లేచిందో లేదో గానీ, ఆమె మాటలకి ఇరుగుపొరుగు మాత్రం లేచి కూర్చునేవారు.

ఆమె కార్ఖానా ఒక ఎండిన టేకు మాను. దాన్ని అడవి పంచాయతీ ఒక షరతు మీద ఇచ్చింది. వానలు పడేలోపు ఇప్పవనం గిటార్లు అమ్ముడుపోవాలి, లేకపోతే మాను వెనక్కి తీసుకుంటారు. పంచాయతీ ప్రెసిడెంటు ఎలుగుబంటి భీమలింగం. ఆయన బావమరిది తేనె గోదాము కోసం సరిగ్గా అలాంటి మానే వెతుకుతున్నాడు. ఈ రెండింటికీ సంబంధం ఉందని నేననలేదు. మీరే అనుకుంటున్నారు.

మొదటి బేరం కొండముచ్చు గవరయ్యది. అడవి మొత్తంలో సంగీతం తెలిసినవాడు గవరయ్య ఒక్కడేనని అంటారు. అంటారంటే, గవరయ్యే అంటాడు. గిటారు అందుకుని మీటాడు. కళ్ళు మూసుకున్నాడు. తోక దానంతటది తాళం వేసింది. కొమ్మల మీద చిలకలు కబుర్లు ఆపేశాయి.

"అబ్బ, పైడితల్లీ, తేనె కారుతోంది" అన్నాడు.

తర్వాత గిటారు వెనక్కి తిప్పాడు. అక్కడ 'ఇప్పవనంలో తయారైంది' అని ముద్ర ఉంది. తోక ఆగిపోయింది.

"ఊఁ... గొంతు కాస్త మందంగా ఉంది కదూ" అన్నాడు.

"ఇప్పుడేగా తేనె అన్నారు?"

"తేనె మందంగానే ఉంటుంది కదమ్మా. ఇదే వెదురుగడ్డ సరుకైతే బుట్టెడు చీమలు పోసేవాణ్ణి. దీనికి దోసెడిస్తాను. అదీ నీ మొహం చూసి."

"నా మొహం ఎందుకు చూడటం? చెవి పెట్టండి చాలు" అంది పైడితల్లి. గవరయ్య అప్పటికే దిగి వెళ్ళిపోయాడు.

వచ్చినవాళ్ళందరిదీ అదే వరస. ముందు వెనక్కి తిప్పడం, తర్వాత వినడం. కొందరు రెండోది మానేశారు. అడవిపంది ఒకాయన వరసగా పెట్టిన గిటార్లన్నీ తిప్పి చూసి, "ఒక్కటీ వినసొంపుగా లేదు" అని తేల్చాడు. వాటికింకా తీగలు బిగించలేదు.

మబ్బులు కమ్ముకుంటున్నాయి. బావమరిది వచ్చి మాను చుట్టుకొలత కూడా చూసుకుపోయాడు. పైడితల్లి ఏటి ఒడ్డున దిగాలుగా కూర్చుంది. అక్కడ పడవ వ్యాపారం చేసే మొసలి నూకరాజు ఉన్నాడు. పడవా ఆయనే, సరంగూ ఆయనే.

"పంచాయతీ చట్టం చూశావా అప్పా?" అన్నాడు. "చివరి మరమేకు ఎక్కడ బిగిస్తే సరుకు అక్కడిది. నువ్వు ఒక్క మర బిగించకుండా వదిలెయ్యి. గిటార్లతో సహా నా వీపెక్కు. అవతలి గట్టున మర బిగించు, ముద్ర కొట్టు, తిరిగొచ్చెయ్. రానూపోనూ నా చేపలు నాకిస్తే చాలు."

"అది అబద్ధం కదయ్యా?"

"కాదు. చట్టం."

పైడితల్లి అలాగే చేసింది. నూకరాజుకి ఏటి మధ్యలో మునిగే అలవాటుంది. వీపు మీద ఎవరో ఉన్నారని గుర్తొస్తే గానీ తేలడు. గిటార్లు నానిపోయాయి. ఏ తీగ మీటినా అడుగున గుర్రుమని గురక మొదలైంది. ఆమెకి తల కొట్టేసినట్టయింది. ఆరబెడదామనుకునే లోపే గవరయ్య దిగాడు. గిటారు తిప్పి చూశాడు. 'వెదురుగడ్డలో తయారైంది'. అప్పుడు మీటాడు.

"విన్నావా ఆ గురక? అది వెదురుగడ్డ మట్టిలో ఉంది. మనవాళ్ళకి నేర్పినా రాదు" అని బుట్టెడు చీమలు పోశాడు.

ఇక జనం ఆగలేదు. నానినవి నానినట్టే అమ్ముడుపోయాయి. గురక లేకపోతే అడిగి మరీ మార్చుకున్నారు. ప్రెసిడెంటు భీమలింగం ఒకటి కొని గుహలో వేలాడదీశాడు. "వాయించరా అండీ?" అని ఎవరో అడిగితే, "వాయిస్తే విలువ తగ్గుతుందట" అన్నాడు.

వానలకి ముందే కార్ఖానా ఖాళీ అయింది. మిగిలింది ఒకే ఒక్కటి, ఏరు దాటనిది. పైడితల్లి కడుపునిండా చీమలు తిని, మాను దక్కిందన్న ధీమాతో పంచాయతీ సభకి వెళ్ళింది.

భీమలింగం గొంతు సవరించుకున్నాడు. "ఈ ఏడాది ఇప్పవనంలో తయారైన గిటార్లు ఎన్ని అమ్ముడుపోయాయి?"

"ఒక్కటీ లేదు" అన్నాడు గుమాస్తా ముంగిస.

"మరి కార్ఖానా దేనికి? మాను గోదాముకి ఇచ్చేద్దాం."

పైడితల్లి ఎగిరొచ్చి సభ మధ్యలో వాలింది. "అయ్యా, మీరు కొన్నవన్నీ నేను చేసినవేనండీ. ఒక్క మర మాత్రం అవతల బిగించాను. కావాలంటే నూకరాజుని అడగండి."

నూకరాజుని అడిగారు. "నా వీపు మీద ఏం పోతోందో నాకెలా తెలుస్తుందయ్యా? వీపు నాకు కనపడదు" అన్నాడు.

గవరయ్య జాలిగా నవ్వాడు. "అమ్మా పైడితల్లీ, నీ చేతి పనైతే అంత బాగుంటాయా?"

"అయితే ఇది వినండి" అని ఆమె మిగిలిన గిటారు తెచ్చి ముక్కుతో మీటింది. స్వరం తేటగా లేచింది. చిలకలు కబుర్లు ఆపేశాయి. గవరయ్య తోక తాళం వేయబోయింది. ఆయన దాన్ని చేత్తో పట్టుకుని కూర్చున్నాడు.

"గురక ఏదీ?" అన్నాడు. "చూశారా, గురక లేదు. వెదురుగడ్డ సరుకుకి ఇది నకలు. అది కూడా సరిగ్గా కుదరలేదు."

సభ తలూపింది. మాను బావమరిదికి పోయింది. నకిలీ సరుకు చేసినందుకు పైడితల్లిని మందలించారు కూడా. ఆమె సామాను కట్టుకుని వెదురుగడ్డకి ఎగిరిపోయింది.

అక్కడ ఒక వెదురుపొద కింద కొత్త కార్ఖానా పెట్టింది. ఇక ఏరు దాటే పని లేదు, తడిసే భయం లేదు, ముద్ర కూడా నిజమైనదే. మొదటి బేరానికి ఒక నీటికుక్క వచ్చింది. గిటారు మీటింది. కళ్ళు మూసుకుంది. "అబ్బ, వెన్న" అంది. తర్వాత వెనక్కి తిప్పింది.

"ఇక్కడిదేనా?" అంది మొహం చిన్నది చేసుకుని. "గొంతు కాస్త మందంగా ఉంది కదూ. ఇప్పవనం సరుకేమైనా ఉంటే చూపించు. అక్కడి టేకే వేరట."

పైడితల్లి గిటారు వెనక్కి తీసుకుంది. ఒక మర విప్పి ముక్కున కరుచుకుని ఏటి వైపు నడిచింది. నోట్లో మర ఉండడం వల్ల జీవితంలో మొదటిసారి ఆమె ఏమీ అనలేదు.

ఒడ్డున నూకరాజు అప్పటికే వీపు పెట్టి సిద్ధంగా ఉన్నాడు.

నీతి: వస్తువు ఎక్కడ పుట్టినా ఫరవాలేదు, కొనేవాడి ఊళ్ళో మాత్రం పుట్టకూడదు.